షెల్ మార్గదర్శినులు – వానిలోని మాటల దిద్దుబాటు

మన పాఠశాలలో కంప్యూటరు గది యున్నది. అందలి యంత్రములలో లినక్సు పనిచేయుచున్నది. పై తరగతుల విద్యార్థులు కొందఱు వారమునకు రెండు సాయంకాలములు అచ్చట కూర్చుండి షెల్ స్క్రిప్టులు వ్రాయుట నేర్చుకొనుచున్నారు. నేను కంప్యూటరు పండితుడను గాను. తెలుగును, సాంఘికశాస్త్రమును బోధించువాడను. ఆ గదిని చూచువారు లేని దినములలో నన్ను కూర్చుండుమనిరి. కూర్చుంటిని, చూచితిని, పిల్లలతోపాటు నేనును కొంత నేర్చుకొంటిని. అందువలన నాకు గలిగిన యొక యభిప్రాయమును ఈ వార్షిక సంచికలో చదువరులకు మనవి చేయుచున్నాను. అది యేమనగా: ఈ విద్యలో మన పిల్లలు వెనుకబడుటకు వారి బుద్ధిమాంద్యముకంటె, వారి చేతనున్న మార్గదర్శినిలోని మాటల లోపమే తఱచుగా కారణము. ఆ మాటలను దిద్దుట ప్రోగ్రాము వ్రాయుటకు ఏ మాత్రమును తీసిపోని సేవ.

ముందుగా షెల్ అననేమో తెలియనివారికి రెండు మాటలు చెప్పవలెను. షెల్ అనగానే మనవారికి సముద్రపుటొడ్డున దొరకు గుల్ల జ్ఞాపకము వచ్చును. అంతకంటె దగ్గఱి పోలిక పలాసలోనే కలదు. జీడిపిక్కకు పైని పెంకును, లోపల పప్పును ఉండును గదా. అట్లే కంప్యూటరు పనిని నడుపు లోపలి భాగమునకు కెర్నెల్, అనగా పప్పు, అని పేరు. దానిని చుట్టియుండి మన మాటను విని లోపలికి చేర్చు భాగమునకు షెల్, అనగా పెంకు, అని పేరు. ఈ యర్థమున షెల్ అను మాటను మొదట వాడినవాడు 1960 దశాబ్దిలో లూయీ పూజా అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. 1979లో స్టీఫెన్ బోర్న్ వ్రాసిన షెల్ యూనిక్సు ఏడవ కూర్పుతో వెలువడెను. 1989లో బ్రయన్ ఫాక్స్ గ్నూ ప్రణాళికకై వ్రాసి వెలువరించిన బాష్ అను షెల్ నేడు లెక్కలేనన్ని లినక్సు యంత్రములలో నున్నది. ఒక్కొక్కటిగా ఇచ్చు ఆజ్ఞలను వరుసగా ఒక ఫైలులో వ్రాసి యుంచినచో అదియే స్క్రిప్టు. నూఱు ఫైలుల పేర్లు మార్చుట, మార్కుల పట్టికలను కూర్చుట మొదలగు పనులను అది నిమిషములో చేసిపెట్టును. అయితే పిక్క పెంకులో జీడినూనె యుండి చేతులను కాల్చును గనుక పనివారు నూనె పూసికొని పిక్కలు కొట్టుదురు. ఈ పెంకుతోను జాగ్రత్త యవసరమే. తప్పుగా ఇచ్చిన ఆజ్ఞ ఒక్క క్షణములో ఏడాది కష్టమును తుడిచివేయగలదు. తుడిచిన దానిని తిరిగి తెచ్చు మార్గము తఱచుగా ఉండదు. కావుననే ఇచ్చట మార్గదర్శిని యొక్క మాట సరిగా నుండవలెను.

ఇక నా కండ్లయెదుట జరిగిన సంగతి. వజ్రపుకొత్తూరు వైపునుండి వచ్చి వసతిగృహములో నుండి చదువుకొను తొమ్మిదవ తరగతి బాలిక యొకతె, ఒక ఫైలులో ఎన్ని వరుసలున్నవో లెక్కించు ఆజ్ఞను నేర్చుకొనుచుండెను. ఆమె ముందున్న మార్గదర్శినిలో ఆజ్ఞ పేరు వ్రాసి, దాని ప్రక్కన రెండు కోణపు గుర్తుల నడుమ 'ఫైలు పేరు' అని యుండెను. ఆ పిల్ల బుద్ధిమంతురాలు. పుస్తకములో నున్నది ఉన్నట్లుగా, కోణపు గుర్తులతో సహా, తన ఫైలు పేరు వ్రాసెను. వాక్యనిర్మాణము తప్పు అని షెల్ బదులు చెప్పెను. మరల వ్రాసెను. మరల అదే బదులు. నాలుగు సారులు వ్రాసి, ఇరువది నిమిషములు గడచిన పిదప తల వంచుకొని, "నాకు రాదులెండి మాస్టారూ, నేనే ఏదో తప్పు చేసుంటాను" అనెను.

ఆమె చేసిన తప్పేమియు లేదు. పుస్తకము వ్రాసినవాని యుద్దేశములో ఆ కోణపు గుర్తులకు 'ఇచ్చట మీ ఫైలు పేరు చేర్చుడు' అని యర్థము. ఆరితేరినవారి కది తెలియును. కాని షెల్‌కు ఆ గుర్తులకు వేఱే యర్థములున్నవి. ఎడమవైపు తిరిగిన కోణమునకు 'ఈ ఫైలునుండి విషయమును తీసికొనుము' అనియు, కుడివైపు తిరిగిన కోణమునకు 'వచ్చిన ఫలితమును ఈ ఫైలులో వ్రాయుము' అనియు అది గ్రహించును. రెండవ గుర్తు వెనుక ఏ పేరును లేకపోవుటచే అది తప్పు పట్టెను. వెనుక వేఱొక ఫైలు పేరు పొరబాటున ఉన్నచో నేమగును? తప్పైనను పట్టక, ఆ ఫైలులో పూర్వమున్న విషయమునంతటిని తుడిచివేసి యుండును. ఇంత యపాయమునకు నివారణ ఒక్క వాక్యమే: 'ఫైలు పేరు అనుచోట మీ ఫైలు పేరు వ్రాయుడు, కోణపు గుర్తులను టైపు చేయవలదు.' ఈ వాక్యము ఆ పుస్తకములో లేదు. అది లేనందున ఒక బాలిక తనకు బుద్ధి లేదని నమ్మెను.

నన్ను కలతపెట్టినది ఈ చివరి సంగతియే. చదువుకొన్నవారి యింటి బిడ్డ పుస్తకము అర్థము కానిచో పుస్తకమును నిందించును. అన్ననో మామయ్యనో అడుగును. కాని ఉద్దానములో చేపల వేటకు పోవువారి యిండ్లనుండియు, జీడిపప్పు ఒలుచు తల్లుల యొడినుండియు తొలితరముగా బడికి వచ్చిన బిడ్డ అట్లు చేయదు. అచ్చుపడినది తప్పు కాజాలదని దాని నమ్మకము. అందుచే తప్పును తనపై వేసికొనును. పుస్తకములోని యొక్క యస్పష్టవాక్యము కలవారి బిడ్డకు పది నిమిషముల యాలస్యము. లేనివారి బిడ్డకు అది మూసిన తలుపు. కావున మాటల దిద్దుబాటును నేను అలంకారముగా గాక న్యాయముగా ఎంచుచున్నాను.

ఆ దినము మొదలు మార్గదర్శినిలో పిల్లలు ఎక్కడెక్కడ ఆగుచున్నారో ఒక నోటుపుస్తకములో వ్రాయుట మొదలిడితిమి. అందులోని కొన్నిటిని ఇచ్చట చూపెదను.

మొదటిది డాలరు గుర్తు. పుస్తకములో ప్రతి యాజ్ఞకును ముందు డాలరు గుర్తు ముద్రింపబడియున్నది. అది 'యంత్రము మీ యాజ్ఞకై సిద్ధముగా నున్నది' అని తెలుపుటకు తెరమీద దానంతట అదే కనబడు గుర్తు. మనము వ్రాయవలసినది కాదు. పిల్లలు దానిని గూడ వ్రాసి, అట్టి యాజ్ఞ లేదన్న బదులు పొందుచున్నారు. మఱి నాలుగు పుటలు త్రిప్పగా, అదే డాలరు గుర్తు ఒక చలరాశి విలువను తెచ్చుటకు తప్పక వ్రాయవలసినదిగా వచ్చును. ఒకే గుర్తు ఒకచోట వ్రాయరానిది, మఱియొకచోట వ్రాయక తప్పనిది. ఈ భేదమును చెప్పని పుస్తకమును చదువువాడెట్లు గ్రహించును?

రెండవది సమాన చిహ్నము. లెక్కల తరగతిలో మనము సమాన చిహ్నమునకు ఇరువైపుల కొంత చోటు విడిచి వ్రాయింతుము. పిల్లలు షెల్‌లోను అట్లే వ్రాయుదురు. అది పనిచేయదు. 'సమాన చిహ్నముతో చలరాశికి విలువ నీయవచ్చును' అని మాత్రమే పుస్తకము చెప్పుచున్నది. 'సమాన చిహ్నమునకు ముందుగాని వెనుకగాని ఖాళీ విడువరాదు. ముందు విడిచినచో షెల్ మొదటి మాటను ఆజ్ఞ యని తలచి దానికై వెదకును' అని యుండవలెను. చిత్రమేమనగా, షరతును పరీక్షించుటకు వాడు చదరపు కుండలికి నియమము సరిగా దీనికి విరుద్ధము. అచ్చట ఖాళీ విడువక తప్పదు. కారణము చెప్పకున్న ఇది పిచ్చి నియమముగా తోచును. కారణము చెప్పినచో మఱపురాదు: ఆ ఎడమ కుండలి వట్టి గుర్తు కాదు, అదియే యొక యాజ్ఞ పేరు. ఏ యాజ్ఞ పేరు వెనుకనైనను ఖాళీ యుండవలెను గదా! మేము శిక్షణ కళాశాలలో చదువుకొన్నప్పుడు, తెలిసినదానినుండి తెలియనిదానికి పొమ్మని మా గురువులు చెప్పెడివారు. ఆ సూత్రమునకు ఇంతకంటె మంచి యుదాహరణము నాకు దొరకలేదు.

మూడవది సున్న. ఏ యాజ్ఞయైనను పని ముగించి 0 మొదలు 255 వరకు గల యొక సంఖ్యను షెల్‌కు అప్పగించును. 'ఈ యాజ్ఞ సున్న నిచ్చును' అని పుస్తకము చెప్పి ఊరకుండెను. మన పిల్లలకు సున్న యనగా తప్పుట. షెల్‌కు సున్న యనగా పని నెరవేఱుట. తక్కిన సంఖ్యలన్నియు వైఫల్యమునకు గుర్తులు. పని నెరవేఱుటకు ఒక్క విధమే యున్నది, చెడుటకు అనేక విధములున్నవి; అందుచే చెడినప్పుడు ఏ విధముగా చెడెనో చెప్పుటకు పెక్కు సంఖ్యలు వలయును. ఈ మాట చెప్పగానే తరగతి యంతయు నవ్వి, పిమ్మట ఎవ్వరును మఱవలేదు.

నాలుగవది అన్నిటికంటె అపాయకరమైనది. చలరాశిని ఉద్ధరణ చిహ్నముల నడుమ నుంచుటను గూర్చి పుస్తకము 'ఉంచుట మంచిది' అని వ్రాసెను. మంచిది అనగానేమి? పళ్లు తోముకొనుట మంచిది, పెందలకడ లేచుట మంచిది, మానినవారును బ్రదుకుచున్నారు. కాని ఇచ్చట మానినచో, 'సీత మార్కులు' అను ఒక్క ఫైలు పేరు షెల్ దృష్టికి 'సీత', 'మార్కులు' అను రెండు పేర్లగును. తొలగించు ఆజ్ఞయందు ఇట్లు జరిగినచో, ఉంచవలసిన ఫైలు పోవచ్చును, తొలగింపవలసినది నిలువవచ్చును. కనుక 'ఉంచవలెను' అని వ్రాసి, ఉంచని పక్షమున కలుగు నష్టమును వెంటనే చెప్పవలెను. ఈ భేదము నా కల్పన గాదు. ఇంటర్నెట్ నియమపత్రములలో ఏది విధి, ఏది సలహా, ఏది ఐచ్ఛికము అను మాటల యర్థములను స్కాట్ బ్రాడ్నర్ 1997లో 2119వ సంఖ్యగల పత్రములో నిర్ణయించెను. అంతటి పండితులకే 'వలెను', 'మంచిది' అను మాటల నడుమ గీత గీయుట యవసరమైనప్పుడు, మన పిల్లలకు అక్కఱలేదా?

ఒక్క ఖాళీ ఎంత చేయగలదో తెలియగోరువారు 2011వ సంవత్సరపు సంగతి వినవలెను. బంబుల్బీ అను ఉచిత సాఫ్ట్‌వేరును యంత్రములో స్థాపించు స్క్రిప్టునందు, తొలగించు ఆజ్ఞలో ఒక యెడమైన ఖాళీ పడెను. తొలగింపవలసినది లోలోపలి యొక చిన్న డైరెక్టరీ. ఖాళీ పడుటచే ఆ దారి రెండు ముక్కలై, యంత్రములోని ముఖ్యమైన ప్రోగ్రాములుండు పెద్ద డైరెక్టరీయే తొలగింపునకు గుఱియయ్యెను. వ్రాసినవారు అజ్ఞానులు గారు. తెలిసినవారికే ఇట్లైనప్పుడు, నేర్చుకొనువారికి ఖాళీల విషయమై పుస్తకము ఎంత స్పష్టముగా చెప్పవలెనో ఊహింపుడు.

స్పష్టమైన మాట విలువ మన తీరమువారికి క్రొత్తగా చెప్పనక్కఱలేదు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవాఱుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటెను. కొబ్బరితోటలు, జీడితోటలు నేలగూలిన ఆ దినము నెవ్వరు మఱతురు? అట్టి సమయమున 'మత్స్యకారులు తగు జాగ్రత్త వహింపవలెను' అన్న ప్రకటన ఎవనిని ఒడ్డున ఆపును? 'ఫలానా దినము ఉదయము మొదలు ఫలానా దినము వఱకు వేటకు పోరాదు. పోయినవారు వెంటనే తిరిగి రావలెను' అన్నచో పడవ ఒడ్డుకు చేరును. అట్లే పలాస వర్తకుడు 'డబ్ల్యూ 320' అనగానే, పౌనునకు 300 మొదలు 320 వఱకు తూగు తెల్లని నిండు పప్పని దేశాంతరములోని కొనుగోలుదారునకు గూడ తెలియును. ఒక మాటకు ఒకే యర్థము నిలుపుకొన్నందుననే ఆ బేరము సాగుచున్నది. మార్గదర్శిని గూడ ఒకచోట 'ఆర్గ్యుమెంటు' అని, మఱియొకచోట 'పారామీటరు' అని, వేఱొకచోట 'విలువ' అని ఒక్కదానినే మూడు పేర్లతో పిలువరాదు. పేరు మార్చినచో వస్తువు మాఱినదని పిల్లవాడు తలచును.

ఇందులకు కొన్ని యాక్షేపణలు కలవు. 'ప్రోగ్రాము ముఖ్యము గాని వివరణ ముఖ్యమా?' అని కొందఱందురు. యూనిక్సును నిర్మించిన కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అట్లు తలపలేదు. వారి ఉపయోగ వివరణ గ్రంథపు మొదటి కూర్పు 1971 నవంబరు 3వ తేదీతో వెలువడెను. అందు ఆజ్ఞల వివరణములలో 'లోపములు' అను శీర్షికను గూడ ఉంచి, తమ పనిలోని తప్పులను తామే చెప్పుకొనిరి. కంప్యూటరు శాస్త్రమునందు పెద్దయైన డొనాల్డ్ నూత్ తన గ్రంథములలో తప్పు చూపినవారికి ఒక్కొక్క తప్పునకు 2 డాలర్ల 56 సెంట్లు బహుమానముగా పంపుచు వచ్చెను. 2008 మొదలు నిజమైన చెక్కునకు బదులు సరదా బ్యాంకు పత్రము నిచ్చుచున్నను, దానిని అందుకొనుటను ఎందఱో గౌరవముగా ఎంచుచున్నారు. పెద్దలు తప్పు చూపినవానిని మన్నింతురు.

'కష్టపడి తెలిసికొన్నదే నిలుచును. అన్నియు విడమఱచి చెప్పినచో పిల్లలు సోమరులగుదురు' అని మఱికొందఱందురు. ఇందు కొంత సత్యము కలదు. లెక్క కఠినముగా నుండవచ్చును. కాని లెక్కను తెలుపు వాక్యము కఠినముగా నుండరాదు. విద్యార్థి పోరాడవలసినది సమస్యతో గాని, రచయిత యజాగ్రత్తతో గాదు. 'ఇది సులభమే', 'స్పష్టమే గదా' అను మాటలను గూడ మార్గదర్శినులనుండి తీసివేయవలెనని నా మనవి. సులభమైనవానికి ఆ మాట అక్కఱలేదు. సులభము కానివానికి అది యవమానము.

'ఇంగ్లీషు రానిదే కంప్యూటరు రాదు. తెలుగు వివరణములతో పనియేమి?' అనునది మూడవ యాక్షేపణ. ఆజ్ఞల పేర్లు ఇంగ్లీషులోనే యుండును. వానిని మార్చుమని నేననను. కాని ఆజ్ఞ ఏమి చేయునో, ఎందుకు చేయునో తెలుపు వాక్యము తల్లిభాషలో నున్నచో మనస్సున నాటును. బొంబాయి ఐ.ఐ.టి. వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠములు లినక్సు మొదలగు విషయములపై తెలుగులో గూడ లభించుచున్నవి. మన పిల్లలు వినవలెను. అయితే తెలుగున వ్రాయువారు షెల్‌కు, చలరాశికి నిఘంటువులు వెదకి ఎవ్వరును వినని సంస్కృత సమాసములు కల్పింపరాదు. ఫైలు ఫైలే, స్క్రిప్టు స్క్రిప్టే.

ఈ సందర్భమున మన ప్రాంతపు పెద్దను తలపకుండుట యనుచితము. శ్రీముఖలింగము దగ్గఱి పర్వతాలపేటలో 1863లో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై యుండిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు, పాఠ్యపుస్తకములు జనులకు అర్థమగు భాషలో నుండవలెనని 1940లో కాలధర్మము నొందు వఱకు వాదించిరి. కొండలలోని సవరల భాషను వారియొద్దనే నేర్చి, వారి బిడ్డలకు వారి మాటలోనే చదువు చెప్పింప యత్నించిరి. ఆయన సవరభాషా గ్రంథము 1931లో వెలువడెను. చదువువాడు పుస్తకము దగ్గఱకు పోవుట కాదు, పుస్తకమే చదువువాని దగ్గఱకు రావలెనని ఆయన మతము. ఇట్లు చెప్పుచు నేను మాత్రము పాతబాణీలో వ్రాయుచున్నానని చదువరులు నవ్వవచ్చును. వ్యాసమునకు ఈ బాణీ నా యలవాటు. మార్గదర్శినికి మాత్రము ఇది పనికిరాదని నేనే ఒప్పుకొనుచున్నాను.

ఇక దిద్దుట యెట్లు? ఉచిత సాఫ్ట్‌వేరు గ్రంథములను సవరించుటకు లోకమునకంతకును హక్కు కలదు. 1992లో ఆరంభమైన లినక్సు డాక్యుమెంటేషను ప్రాజెక్టు మొదలగునవి ఇట్టి స్వచ్ఛంద సేవకుల చేతులమీదుగనే పెరిగినవి. అయితే హక్కుతో బాధ్యతయు వచ్చును. మేము మా గదిలో నాలుగు నియమములు పెట్టుకొంటిమి. ఒకటి, నీవు ఆగినచోటును ఆగిన వెంటనే వ్రాసిపెట్టుము; తెలిసిన మఱునాడు ఆ కష్టము మఱపునకు వచ్చును. రెండు, దిద్దుటకు ముందు ఆజ్ఞను నకలు ఫైలులమీద నడిపి చూడుము. మాట సొంపై విషయము తప్పైనచో పాత వాక్యమే మేలు. మూడు, ఒకసారి ఒక వాక్యమునే దిద్దుము. ఎందుకు దిద్దితివో రెండు మాటలలో చెప్పుము. నాలుగు, దిద్దిన వాక్యమును ఆ పాఠము ఎఱుగని యొక విద్యార్థిచేత చదివింపుము. వాడు నిన్ను అడుగకుండ పని చేసికొనగలిగినచో అది మంచి వాక్యము. ఈ నాలుగవదే అసలైన పరీక్ష.

ఈ విధముగా ఇంతవఱకు పదునేడు వాక్యములను దిద్దితిమి. అది గొప్ప సంఖ్య కాదు. అందులో మొదటిది కోణపు గుర్తులను గూర్చినది. దానిని వ్రాసినది ఆ వజ్రపుకొత్తూరు బాలికయే. ఆమె దానిని ఎనిమిదవ తరగతి పిల్లవానిచేత చదివించెను. వాడు తన ఫైలు పేరు మాత్రము వ్రాసి మీట నొక్కెను. తెరమీద వరుసల సంఖ్య వచ్చెను. వాడు మాటలాడక తరువాతి పుట త్రిప్పెను. ఆమె నా వైపు చూచి, "వీడేమీ అడగలేదు మాస్టారూ" అనెను.

పూర్వవిద్యార్థులై విశాఖపట్టణమునను, హైదరాబాదునను, దేశాంతరములందును ఈ విద్యతో జీవనము గడుపుచున్న మనవారు అనేకులు ఈ సంచికను చదువుదురు. వారికి నా మనవి యొక్కటే. మీరు తొలుత ఎక్కడ ఆగి, తప్పు మీదేయని తల వంచుకొంటిరో జ్ఞాపకము చేసికొనుడు. ఆ వాక్యము ఇంకను అచ్చటనే యుండవచ్చును. పోయి దానిని దిద్దుడు.